చిన్న జలపాతం దాకా ఇంటిల్లిపాదీ: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

అడవిలో తేలికపాటి నడక, దాని చివర చిన్న జలపాతం. పిల్లాపెద్దలతో కలిసి అలాంటి చోటికి వెళ్లడం గురించి పాఠకులు పంపిన ప్రశ్నలకు ఈసారి జవాబులు ఇస్తున్నాం. ప్రశ్నలు ఎక్కువగా దారి గురించే వచ్చాయి. కానీ దారి సులువైనప్పుడు ప్రమాదాలు జరిగేది చివరి యాభై అడుగుల్లోనే. జలపాతం కళ్లబడగానే అందరూ అడుగు చూసుకోవడం మానేస్తారు. అందుకని నీళ్ల దగ్గరి సంగతులకు ఎక్కువ చోటిచ్చాం.

ప్రశ్న: మేం వెళ్లాలనుకున్న బాట రానూపోనూ 4 కిలోమీటర్లు, ఎక్కాల్సిన ఎత్తు 120 మీటర్లు అని ఉంది. గంటన్నర చాలని తెలిసినవాళ్లు అంటున్నారు. మాతో ఐదేళ్ల పాప, తొమ్మిదేళ్ల బాబు, 66 ఏళ్ల మా అత్తయ్యగారు వస్తారు. గంటన్నర సరిపోతుందా?

జవాబు: సరిపోదండీ. మొత్తం నాలుగు గంటలు పెట్టుకోండి. స్కాట్లండ్ పర్వతారోహకుడు విలియం నైస్మిత్ 1892లో చెప్పిన లెక్కను నడిచేవాళ్లు ఇప్పటికీ వాడతారు. ఐదు కిలోమీటర్లకు గంట, ఎక్కే ప్రతి 600 మీటర్లకు ఇంకో గంట. ఆ ప్రకారం మీ దూరానికి 48 నిమిషాలు, ఎత్తుకు 12, కలిపి గంట. అయితే అది ఎక్కడా ఆగకుండా నడిచే ఆరోగ్యవంతులైన పెద్దవాళ్ల లెక్క. ఐదేళ్ల పాప చీమల బారు కనబడితే కూర్చుంటుంది, పుల్ల దొరికితే నిలబడుతుంది. ఆమెను లాక్కెళ్లడం మొదలుపెడితే అరగంటలో మొండికేస్తుంది. కాబట్టి ఆ గంటను రెండున్నర రెట్లు చేయండి. నడకకే రెండున్నర గంటలు, జలపాతం దగ్గర ఒక గంట, దారిలో కూర్చోడానికి అరగంట.

ఇంతకంటే ముఖ్యం, వెనక్కి తిరిగే సమయాన్ని బయల్దేరకముందే ఖాయం చేసుకోవడం. సూర్యాస్తమయం ఆరింటికనుకోండి. చెట్ల కింద, లోయల్లో అంతకు చాలా ముందే చీకటి పడుతుంది కనుక నాలుగున్నరకల్లా బండి దగ్గర ఉండాలి. తిరుగు నడకకు గంటంబావు తీసేస్తే మూడుంబావుకు జలపాతం దగ్గర లేవాలి. ఆ టైముకి మీరింకా దారిలోనే ఉంటే, జలపాతం పది నిమిషాల దూరమే ఉందన్నా సరే, తిరగాల్సిందే. ఈ మాట పిల్లలకు పొద్దున్నే చెప్పి ఉంచితే అక్కడ పేచీ ఉండదు.

ఇంకోటి చూడండి. జలపాతాలు చాలావరకు లోయలో ఉంటాయి. బయల్దేరే చోటు ఎత్తులో ఉంటే వెళ్లేటప్పుడు దిగుడు, అలిసిపోయి వచ్చేటప్పుడు ఎక్కుడు. మ్యాపులో రెండు చోట్ల ఎత్తులూ పోల్చి చూసుకోండి. జలపాతం కింద ఉంటే తిరుగు నడకకు గంటన్నర వేసుకుని, మూడింటికే లేవండి.

ప్రశ్న: నీళ్లు ఎన్ని మోసుకెళ్లాలి? ఎలాగూ జలపాతం ఉంది కదా, అక్కడ పట్టుకోవచ్చా?

జవాబు: మామూలు వాతావరణంలో పెద్దవాళ్లకు నడిచే ప్రతి గంటకు అరలీటరు, ఉక్కగా ఎండగా ఉంటే దగ్గరదగ్గర లీటరు. పిల్లలు దాహం వేసినా ఆటలో పడి అడగరు. ఇరవై నిమిషాలకోసారి ఆగి మీరే తాగించండి. లీటరు నీళ్లంటే కిలో బరువు. అన్నీ ఒక్కరి వీపున వేయకుండా పంచుకోండి, తిరిగొచ్చాక తాగడానికి ఒక సీసా బండిలో వదిలేయండి.

జలపాతం నీళ్లు నేరుగా తాగొద్దు. ఎంత తేటగా ఉన్నా, పైన జంతువులు తిరిగే వాగులో బ్యాక్టీరియా, జియార్డియా వంటి పరాన్నజీవులు ఉండొచ్చు. అవి కంటికి కనబడవు, రుచిలో తెలియవు. తప్పనిసరైతే తెర్లేలా మరగనిచ్చి ఒక నిమిషం, 2,000 మీటర్ల పైన అయితే మూడు నిమిషాలు కాచాలి. గుడ్డలో వడగట్టినంత మాత్రాన మట్టి పోతుందేగానీ క్రిములు పోవు.

వాంతులో విరేచనాలో పట్టుకున్నాయి, ఓఆర్‌ఎస్ పొట్లం లేదు అంటే లీటరు మంచినీళ్లలో ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు కలపండి. చెంచా అంటే టీ చెంచా, అంచుకు సమంగా గీసినది. ఉప్పు ఎక్కువైతే పిల్లలకు ప్రమాదం కాబట్టి ఉజ్జాయింపుగా వేయకండి.

ప్రశ్న: బూట్లే వేసుకోవాలా, చెప్పులతో నడవొచ్చా?

జవాబు: ఊడిపోయే హవాయి చెప్పులు వద్దు. అడుగున లోతైన గాళ్లున్న మామూలు క్రీడల బూట్లు ఈ దూరానికి చాలు. ఆ రోజే కొన్న కొత్త జత మాత్రం వేసుకోకండి. కనీసం వారం రోజులు ఇంటి చుట్టుపక్కల నడిచి అలవాటు చేసినవే వేయాలి. ముందు రోజు రాత్రి కాలిగోళ్లు తీయించండి. దిగుడులో వేళ్లు బూటు ముందుకు గుద్దుకుంటే పెరిగిన గోళ్లే నొప్పి పెడతాయి. దిగేముందు చీలమండ దగ్గర లేసు బిగించి కడితే పాదం ముందుకు జారదు. నూలు మేజోళ్లు తడిస్తే ఆరవు, తడి చర్మం ఒరుసుకుని బొబ్బలెక్కుతుంది. ఉన్ని లేదా సింథటిక్‌వి వేసుకుని, ఒక జత అదనంగా సంచిలో పెట్టుకోండి.

‘మడమ దగ్గర మంటగా ఉంది’ అని పిల్లలు అన్న వెంటనే ఆగండి. బూటు విప్పి ఎర్రబడ్డ చోట టేపు అంటించడానికి రెండు నిమిషాలు పడుతుంది. ‘ఇంకాస్త దూరమే’ అని నడిపిస్తే బొబ్బ లేస్తుంది, ఆ తర్వాత ఆ బిడ్డను మోయాల్సింది మీరే.

ప్రశ్న: మా బావగారు ప్రతిసారీ పిల్లల్ని జలపాతం ధార కింద నిలబెట్టాలంటారు. చిన్నదేగా, ఐదు మీటర్లే అంటారు. నాకేమో భయం. ఎవరిది సరైన మాట?

జవాబు: మీదేనమ్మా. ఐదు మీటర్ల పైనుంచి జారిన రాయి కిందికొచ్చేసరికి గంటకు 36 కిలోమీటర్ల వేగం అందుకుంటుంది, పది మీటర్లయితే 50. వాగు ఎప్పుడూ ఏదో ఒకటి దొర్లించుకొస్తూనే ఉంటుంది. గుప్పెడంత గులకరాయి వచ్చినా, విరిగిన కొమ్మ వచ్చినా ధార మధ్యలో కనబడదు, ఆ హోరులో వినబడదు. తప్పుకునే సమయమే ఉండదు.

ఇక ధార కింది మడుగు. ఏళ్ల తరబడి నీళ్లు పడి పడి అక్కడ రాయి తొలుచుకుపోయి ఉంటుంది. అంచున మోకాలి లోతు, రెండడుగులు వేస్తే నిలువెత్తు. అడుగున రాయి లోపలికి గుహలా తొలిచి ఉండొచ్చు కూడా. ధార పడే చోట నీళ్లు తెల్లగా నురగలా ఉంటాయి చూశారా, అదంతా గాలి కలిసిన నీరు. మనిషిని తేల్చే బలం దానికి తక్కువ. ఈత వచ్చినవాళ్లు కూడా అందులో అనుకున్నట్టు పైకి తేలలేరు. పైగా నీరు అడుగుకు వెళ్లి మళ్లీ ధార వైపే తిరిగే సుడి కొన్ని మడుగుల్లో ఉంటుంది.

అయితే పిల్లల్ని ఊరించి తీసుకెళ్లి, తీరా నీళ్లలో దిగొద్దనడం న్యాయం కాదు. దిగడానికి చోటు ఎంచుకోవడం మీ పని. ధార నుంచి, తక్కువలో తక్కువ జలపాతం ఎత్తంత దూరం కిందికి రండి. అడుగు స్పష్టంగా కనబడాలి, ప్రవాహం నెమ్మదిగా ఉండాలి, లోతు మీలో అందరికంటే చిన్న పిల్ల మోకాలు దాటకూడదు. ఆ తర్వాత వాగు ఎటు పోతుందో ముప్పై అడుగులు కిందికి నడిచి చూడండి. అక్కడ మరో జలపాతమో, అడ్డంగా పడ్డ చెట్టో ఉంటే ఆ చోటు వదిలేయండి. నీళ్లు కొమ్మల సందుల్లోంచి పోతాయి, పిల్లలు పోలేరు. అన్నీ బాగుంటే ఒక పెద్దమనిషి ముందు దిగి పిల్లలకు దిగువన, చెయ్యి చాస్తే అందేంత దూరంలో నిలబడాలి. ఒడ్డున కూర్చుని ఫోన్ చూసుకుంటూ కనిపెట్టుకోవడం కుదరదు. జోరుగా పారే నీరు 15 సెంటీమీటర్ల లోతున్నా పెద్దవాళ్ల కాళ్లనే లాగేయగలదు. గాలి ఊది చేతులకు తొడిగే బుడగలు ఆటబొమ్మలేగానీ రక్షణ కావు.

ఎప్పుడైనా ప్రవాహంలో కొట్టుకుపోతే నిలబడాలని చూడకూడదు. రాళ్ల సందులో పాదం ఇరుక్కుంటే నీళ్లు మనిషిని ముందుకు వంచి ముంచేస్తాయి. వెల్లకిలా తేలుతూ, కాళ్లు దిగువవైపు చాచి, నీళ్లు నెమ్మదించాక ఒడ్డుకు రావాలి. పిల్లలకు ఇది ఇంట్లో నేలమీద పడుకోబెట్టి నేర్పొచ్చు.

పెదాలు నీలంగా మారినా, వణుకు మొదలైనా వెంటనే బయటికి తీసి, తుడిచి, పొడిబట్టలు వేయండి. పిల్లల ఒంట్లో వేడి మనకంటే త్వరగా పోతుంది.

ప్రశ్న: రాళ్ల మీద ఎక్కడ జారుతుందో ముందే తెలుసుకునే వీలుందా?

జవాబు: ఉంది. పచ్చగా ఒత్తుగా ఎదిగిన నాచును అందరూ గుర్తుపడతారు. అసలు జారేది దాని పక్కన, నల్లగా మెరుస్తూ ఒట్టి తడిలా కనబడే పలుచటి పాకుడు. రంగు పాలిపోయి పొడిగా ఉన్న రాయి పట్టు ఇస్తుంది. అదే రాయి జలపాతం తుంపర పడి ముదురు రంగులోకి మారిన గీత దగ్గర ఆగండి. ఆ గీత దాటాక ప్రతి అడుగూ పరీక్షించే వేయాలి. ముందు పాదాన్ని రాయి మీద చదునుగా ఆనించి, బరువు వేయకుండా అటూఇటూ రుద్ది చూడండి. కదలకపోతేనే బరువు మార్చండి. రాయి నుంచి రాయికి గెంతడం వద్దు. అడుగు కనబడే మడమ లోతు నీళ్లుంటే, పాకుడు రాళ్ల మీద నడిచే కంటే వాటి మధ్య గులకరాళ్ల మీద నీళ్లలో నడవడం మేలు. అప్పుడు కూడా కాళ్లకు బూట్లో, వెనక పట్టీ ఉన్న సాండల్సో ఉండాలి. పగిలిన సీసా పెంకులు నీళ్లలో కనబడవు. కాలికి పుండు ఉన్నవాళ్లు దిగొద్దు. జంతువుల మూత్రం కలిసిన నీటి నుంచి లెప్టోస్పైరోసిస్ అనే జబ్బు పుండు గుండా ఒంట్లోకి వస్తుంది.

జలపాతం పైకెక్కి అంచున ఫోటో దిగడం గురించి కొందరు అడిగారు. వద్దు. అక్కడ రాయి నీళ్లు అరగదీసి నున్నగా ఉంటుంది, పట్టుకోవడానికి ఏమీ ఉండదు. జారితే కింద మడుగు ఉంది కదా అనుకుంటారు. పడేది ఎక్కువగా దాని పక్క రాళ్ల మీదే.

ప్రశ్న: వాన లేనప్పుడు కూడా వాగు పొంగుతుందంటారు. ఎలా తెలుస్తుంది?

జవాబు: మీ నెత్తిన ఎండ కాస్తున్నా, ఎగువ కొండల్లో కురిసిన వాన కాసేపటికి మీ దగ్గరికొస్తుంది. అందుకే మీరు వెళ్లే చోటి వాతావరణంతోపాటు ఎగువ ప్రాంతానిది కూడా చూసుకోండి. చేరగానే నీటి అంచున ఒక పుల్ల గుచ్చండి. పావుగంటకోసారి దాన్ని చూడమని తొమ్మిదేళ్ల బాబుకి అప్పజెప్పండి, ఆ పని శ్రద్ధగా చేస్తాడు. పుల్ల మునుగుతున్నా, తేట నీరు మట్టిరంగుకు తిరిగినా, ఒక్కసారిగా ఆకులూ పుల్లలూ కొట్టుకొస్తున్నా, హోరు పెరిగినా సామాను వదిలేసి లేవండి. వాగు వెంబడి కిందికి పరుగెత్తకూడదు, పక్కకు, గట్టు పైకి ఎక్కాలి.

వచ్చేటప్పుడు దాటిన వాగు తిరుగుదారిలో పొంగి కనబడితే దాటే ప్రయత్నం చేయకండి. చిన్న వాగులు ఎంత వేగంగా పొంగుతాయో వాన ఆగాక దాదాపు అంత త్వరగానే తగ్గుతాయి. గట్టు మీద కొన్ని గంటలు కూర్చోవాల్సి వస్తే కూర్చోండి. సంచిలో టార్చి, వానకోట్లు ఉండాలనేది ఇందుకే.

మెరుపుకు, ఉరుముకు మధ్య 30 సెకన్ల కంటే తక్కువ ఉంటే నీళ్లలోంచి, ఒంటరి చెట్ల కిందినుంచి బయటపడాలి. చివరి ఉరుము విన్నాక అరగంట దాకా మళ్లీ దిగొద్దు.

ప్రశ్న: జలగ పట్టుకుంటే ఉప్పు చల్లాలా?

జవాబు: ఉప్పు, నిప్పు, సున్నం ఏవీ వద్దు. వాటికి జలగ గిలగిలలాడి కడుపులోది గాయంలోకి కక్కే ప్రమాదం ఉంది. దాని రెండు కొసలూ అంటుకుని ఉంటాయి. సన్నటి కొస నోరు. అక్కడ చర్మానికి ఆనించి గోరును పక్కనుంచి నెమ్మదిగా జరపండి, పట్టు వదులుతుంది. వెంటనే లావు కొస దగ్గర కూడా అలాగే చేసి దూరంగా విసిరేయండి. ఆలస్యమైతే మీ వేలికే అంటుకుంటుంది. రక్తం గడ్డకట్టకుండా చేసే పదార్థం జలగ లాలాజలంలో ఉంటుంది కాబట్టి చిన్న గాయమే అయినా చాలాసేపు కారుతుంది. శుభ్రమైన గుడ్డతో అదిమి కట్టు కట్టండి, కంగారుపడక్కర్లేదు. ప్యాంటు అంచులను మేజోళ్లలోకి దోపి నడిస్తే చాలావరకు పైకి పాకవు.

ప్రశ్న: తేనెటీగలు, పాములు?

జవాబు: జలపాతం పక్కన వేలాడే రాతి చూరుల కింద తేనెపట్టులు ఉండటం మామూలే. చేరగానే తల పైకెత్తి చూడండి. పట్టు కనబడితే పొగ పెట్టడం, రాళ్లు విసరడం, గట్టిగా అరవడం కుదరదు. ఘాటైన సెంట్లు రాసుకెళ్లకండి. ఈగలు రేగితే చున్నీయో చొక్కాయో ముఖానికి కప్పుకుని, పిల్లల్ని ఎత్తుకుని, బండిలోకో ఇంట్లోకో చేరేదాకా ఆగకుండా పరుగెత్తాలి. నీళ్లలో మునగడం పనికిరాదు, తల ఎత్తేదాకా పైనే తిరుగుతుంటాయి. ముల్లును ఎంత త్వరగా తీస్తే అంత మంచిది, గోటితో గీకినా పర్లేదు. ఊపిరాడకపోవడం, నాలుకో పెదాలో వాయడం, ఒళ్లంతా దద్దుర్లు, కళ్లు తిరగడం కనబడితే ఒక్క కుట్టే అయినా వెంటనే ఆసుపత్రికి.

పాముల విషయంలో, కనబడని చోట చెయ్యి పెట్టకపోవడం, పడ్డ దుంగను దాటేముందు అవతలి పక్క చూడటం, బాట వదలకపోవడం. కాటు పడితే కోయొద్దు, నోటితో పీల్చొద్దు, పైన తాడు బిగించొద్దు. ఉంగరాలు, పట్టీలు, గడియారం తీసేయండి, వాపు వచ్చాక రావు. కాలికి బద్ద కట్టి కదలకుండా చేసి, నడిపించకుండా మోసుకెళ్లండి. కాటు పడిన సమయం రాసుకోండి. పామును పట్టుకోవడానికో చంపడానికో ఒక్క నిమిషం కూడా ఖర్చు చేయొద్దు. విషానికి విరుగుడు ఇంజెక్షను ఉన్న ఆసుపత్రి దగ్గర్లో ఏదో బయల్దేరకముందే కనుక్కుని ఉండాలి.

ప్రశ్న: నాన్నగారికి మోకాళ్ల నొప్పి. ఎక్కగలరు కానీ దిగేటప్పుడు ఇబ్బంది. తీసుకెళ్లొచ్చా?

జవాబు: వారి డాక్టరు వద్దనకపోతే తీసుకెళ్లొచ్చు. దిగేటప్పుడు మోకాళ్ల మీద బరువు ఎక్కువ పడుతుంది, ఊతకర్రలు రెండు ఉంటే అందులో కొంత చేతులు మోస్తాయి. చదునుదారిలో కర్ర పట్టుకున్నప్పుడు మోచేయి లంబకోణంలో మడవాలి, దిగుడులో దాన్ని 5 నుంచి 10 సెంటీమీటర్లు పొడిగించాలి. చిన్న చిన్న అడుగులు, మోకాలు కాస్త వంచి, ఏటవాలుకు అడ్డంగా వంకరలు తిరుగుతూ దిగాలి. వారి సంచి ఇంకొకరు మోయాలి. చివరి దిగుడు నిటారుగా ఉంటే, జలపాతం కనబడే చోటే నీడలో కూర్చోబెట్టి, తోడు ఒకరిని ఉంచి, మిగతావాళ్లు వంతులవారీగా కిందికి వెళ్లిరండి. ఈ ఏర్పాటు ముందే చెప్పుకుంటే, నా వల్ల మీకు ఇబ్బంది అని ఆయన బలవంతంగా దిగరు.

ప్రశ్న: మా పాపకు ఎనిమిది నెలలు. సంచిలో వీపున వేసుకుని నడవొచ్చా?

జవాబు: తల నిలిపి, ఆసరా లేకుండా కూర్చోగలిగితే చట్రం ఉన్న సంచిలో వేసుకోవచ్చు. మీరు నడుస్తూ చెమటపడుతుంటే పాప కదలకుండా చలికి ఉండొచ్చు. మెడ వెనక చెయ్యి పెట్టి చూస్తుండండి. ముప్పావుగంటకోసారి బయటికి తీసి కాళ్లు ఆడించనివ్వండి. మీ తలకు తగలని కొమ్మ పాప ముఖానికి తగులుతుందని వెనక నడిచేవాళ్లు చెబుతూ ఉండాలి. పాపను మోసే మనిషి తడి రాళ్ల మీదికి అసలు వెళ్లకూడదు. ఒడ్డున పొడిచోటే వారి హద్దు.

ప్రశ్న: పిల్లలు తప్పిపోతే?

జవాబు: ఒక పెద్దమనిషి ముందు, ఒకరు వెనక, పిల్లలు మధ్యలో. దారి చీలిన ప్రతిచోటా అందరూ కలిసేదాకా ఆగాలి. ప్రతి పిల్ల మెడలో ఒక ఈల వేయండి. మూడుసార్లు ఊదడం సాయం కోరే గుర్తని నేర్పండి. 1981లో అమెరికాలో పిల్లల కోసం మొదలైన ఒక శిక్షణ ముఖ్యంగా నేర్పే మాట ఇదే. తప్పిపోయావని తెలియగానే ఒక చెట్టును పట్టుకుని అక్కడే ఉండు. తిరిగే బిడ్డ కంటే ఒకచోట ఉన్న బిడ్డ త్వరగా దొరుకుతుంది. తిడతారని దాక్కోవద్దని కూడా చెప్పండి, చాలామంది పిల్లలు పిలుపు విని కూడా ఆ భయంతోనే పలకరు. బయల్దేరేముందు అందరినీ నిలబెట్టి ఒక ఫోటో తీసుకోండి, ఆ రోజు బట్టల రంగు చెప్పడానికి పనికొస్తుంది.

ఫోన్‌లో సిగ్నల్ లేకపోయినా జీపీఎస్ పనిచేస్తుంది, మ్యాపును మాత్రం ఇంటి దగ్గరే దించుకుని ఉంచాలి. చాలా దేశాల్లో అత్యవసర నంబరు 112. మీ కంపెనీ సిగ్నల్ లేకున్నా వేరే కంపెనీది అందితే దాని మీదుగా వెళ్లగలదు, ఏ సిగ్నలూ లేనిచోట వెళ్లదు. అందుకని ఎక్కడికి వెళ్తున్నారో, ఎన్నింటికల్లా ఫోన్ చేస్తారో, రాకపోతే ఎవరికి చెప్పాలో ఇంట్లో ఒకరికి రాసిచ్చి వెళ్లండి.

ప్రశ్న: అడవిలో పిల్లలకు బయటికి వెళ్లాల్సివస్తే?

జవాబు: నీళ్లకు, బాటకు 60 మీటర్ల దూరం, అంటే పెద్దవాళ్ల అడుగులు దాదాపు ఎనభై. 15 నుంచి 20 సెంటీమీటర్ల లోతు గుంట తీసి, పని అయ్యాక మట్టితో పూడ్చండి. డైపర్లు, తడి తుడుపుకాగితాలు పాతొద్దు, జంతువులు తవ్వి బయటేస్తాయి. మూతికట్టే సంచిలో వేసి వెనక్కి తెచ్చేయండి. పళ్ల తొక్కలు కూడా అంతే. సబ్బు, మొక్కలతో చేసిందని రాసున్నా సరే, వాగులో వాడొద్దు.

ప్రశ్న: జలపాతంలో నీళ్లు ఎప్పుడు బాగుంటాయి?

జవాబు: చిన్న జలపాతానికి నీళ్లిచ్చే కొండవాలు కూడా చిన్నదే. వాన పడ్డాక ఒకటి రెండు రోజులకు నీరు తేటపడుతుంది, ధార ఇంకా నిండుగా ఉంటుంది. అప్పుడు వెళ్లండి. వాన కురిసే రోజున, ఆ మర్నాడు పొద్దున కూడా బురదనీరు, జారుడు బాట తప్ప చూసేదేమీ ఉండదు. వానలు ఆగి నెలలు గడిస్తే చాలా వాటిలో సన్నటి తడి గీతే మిగులుతుంది. ఈమధ్య అక్కడికి వెళ్లొచ్చినవాళ్లు ఎవరైనా ఉంటే ఒకమాట అడిగి బయల్దేరండి.